ఏ బడికి పంపాలి? పెనుకొండ సీమలో రెండు వందల ఏళ్ల ప్రశ్న

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో ఐదో తరగతి చదివే పిల్లలున్న ఇళ్లలో ఏటా ఒక లెక్క నడుస్తుంది. నవోదయ పరీక్ష రాయించాలా, గురుకులానికి దరఖాస్తు పెట్టాలా, ఊళ్లోని జిల్లా పరిషత్ హైస్కూలుకే పంపాలా, అప్పో సప్పో చేసి ప్రైవేటు బడిలో చేర్చాలా? ఇది ఈ తరానికే వచ్చిన చిక్కు అనుకుంటాం. ఈ నేల మీద దీనికి రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. ఆ చరిత్ర పొడవునా వెంటాడే ప్రశ్న ఒకటే: ఎంచుకునే అవకాశం అసలు ఎవరికి దక్కింది?

డబ్బున్న ఇంటికే వీధిబడి

1565 తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన పెనుకొండ, 1800 నాటికి నిజాం ఇంగ్లీషువారికి ధారపోసిన దత్తమండలాల్లో ఒక భాగం. ఆ మండలాలకు మొదటి ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో, తర్వాత మద్రాసు గవర్నరయ్యాక 1822లో మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా ఉన్న బడుల లెక్క తీయమన్నాడు. పెనుకొండ, ధర్మవరం అప్పట్లో బళ్లారి జిల్లాలోవి. ఆ జిల్లా కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక ఈ సీమ చదువుకు మనకు దొరికే తొలి స్పష్టమైన చిత్రం.

9,27,857 మంది జనాభాకు 533 బడులు, 6,641 మంది పిల్లలు. వెయ్యిమందిలో బడిలో ఉన్నది సుమారు ఏడుగురే. బడుల్లో 235 కన్నడంవి, 226 తెలుగువి. మిగిలినవి మరాఠీ, పారశీకం, సంస్కృతం, తమిళం నేర్పేవి. ఇంగ్లీషు బడి ఒకే ఒక్కటి. మొత్తం పిల్లల్లో ఆడపిల్లలు 60 మంది. ఇసుకలో అక్షరాలు దిద్దించే పంతులికి నెలనెలా జీతం ఇచ్చుకోవలసింది తల్లిదండ్రులే. అంటే బడి అనేదే అప్పుడు డబ్బు పెట్టి కొనుక్కోవలసిన చదువు. దేశం క్రమంగా పేదదైపోవడం వల్ల చాలామంది పిల్లల్ని చదివించలేకపోతున్నారని క్యాంప్‌బెల్ తన ప్రభుత్వానికే రాశాడు. తల్లిదండ్రులకు ఆశ లేక కాదు, జీతం ఇవ్వలేక పిల్లలు బడికి దూరమయ్యారని ఆనాడే ఒక అధికారి గుర్తించాడు. ఈ మాటను మనం గట్టిగా పట్టుకోవాలి. తర్వాత జరిగిన ప్రతి మార్పునూ దీనితోనే తూచాలి.

ఎయిడెడ్ బడి, బోర్డు బడి

1854 నాటి వుడ్ విద్యా తాఖీదు గ్రాంటు పద్ధతిని తెచ్చింది. బడిని సంఘమో, మిషనో, దాతలో నడుపుతారు. ప్రభుత్వం కొంత సొమ్ము ఇస్తుంది, తనిఖీ చేస్తుంది. మన ఎయిడెడ్ బడుల పుట్టుక అక్కడే. పూర్తిగా సర్కారుదీ కాని, పూర్తిగా ప్రైవేటుదీ కాని నడిమి దారి ఒకటి తెరుచుకుంది. 1882లో అనంతపురం జిల్లా బళ్లారి నుంచి విడిపోయినప్పుడు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం తాలూకాలు కొత్త జిల్లాలోకి వచ్చాయి. 1884 స్థానిక బోర్డుల చట్టం, 1920 ప్రాథమిక విద్యా చట్టం బడి బాధ్యతను బోర్డుల మీద, మునిసిపాలిటీల మీద పెట్టాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1959లో పంచాయతీరాజ్ వచ్చాక జిల్లా బోర్డుల హైస్కూళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లయ్యాయి.

ఈ జిల్లా పరిషత్ హైస్కూలు గొప్పతనాన్ని మనం తక్కువగా చెప్పుకుంటాం. అది పిల్లల్ని వడపోయదు. పరీక్ష పెట్టదు, తండ్రి సంపాదన అడగదు. గేటు ముందు నిలబడ్డ ప్రతి బిడ్డనూ లోపలికి తీసుకుంటుంది. 1823లో బడుల్లో 60 మంది ఆడపిల్లలే ఉన్న సీమలో ఈరోజు అమ్మాయిలు గుంపులుగా సైకిళ్ల మీద హైస్కూలుకు పోతున్నారంటే ఆ పుణ్యం చాలావరకు ఈ బడిదే. దాని బలహీనతా అందరికీ తెలిసిందే. లెక్కల అయ్యవారి పోస్టు ఖాళీగా ఉంటే అడిగే నాథుడు ఉండడు. బదిలీ అయితే తరగతి మధ్యలో ఆగిపోతుంది.

కొడిగెనహళ్లి ప్రయోగం

ఆ లోటుకు జవాబు వెతికిన ప్రయోగం ఒకటి హిందూపురం పక్కనే జరిగింది. 1971 నవంబరులో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా నల్లగొండ జిల్లా సర్వేలులో తొలి గురుకుల పాఠశాల మొదలైంది. మరుసటి ఏడాది కోస్తాకు గుంటూరు జిల్లా తాడికొండలో, రాయలసీమకు పరిగి దగ్గర కొడిగెనహళ్లిలో గురుకులాలు వచ్చాయి. వీటిని విద్యాశాఖ రోజువారీ యంత్రాంగానికి అప్పగించకుండా ప్రత్యేకంగా ఒక సొసైటీ కిందకు తెచ్చారు. ఖర్చు ప్రభుత్వానిది, నడిపే తీరు సొసైటీది. ఫీజు లేదు. చదువు, తిండి, వసతి ఒకే చోట. ఉపాధ్యాయులు ప్రాంగణంలోనే ఉంటారు. సాయంత్రం స్టడీ అవర్స్‌లో పిల్లవాడికి సందేహం వస్తే అడగడానికి మనిషి ఉంటాడు. వాన నమ్ముకున్న వేరుశనగ రైతు బిడ్డకు, మగ్గం మీద బతికే ఇంటి బిడ్డకు ఇలాంటి సాయంత్రం ఇంట్లో దొరికేది కాదు.

పదో తరగతిలో గ్రేడ్ల పద్ధతి రాకముందు, ర్యాంకులు ప్రకటించే రోజుల్లో సర్వేలు, తాడికొండ, కొడిగెనహళ్లి పేర్లు రాష్ట్రమంతా మోగేవి. ఫీజు కట్టలేని ఇంటి పిల్లలు కూడా మేటి ప్రైవేటు బడులను దాటగలరని అవి రుజువు చేశాయి. 1985లో కేంద్ర మానవ వనరుల మంత్రి అయిన పి.వి. ఇదే ఆలోచనను దేశానికి విస్తరించారు. 1986 జాతీయ విద్యావిధానంతో నవోదయ విద్యాలయాలు వచ్చాయి. అనంతపురం జిల్లా నవోదయ హిందూపురానికి దగ్గరలోని లేపాక్షిలో వెలిసింది. 75 శాతం సీట్లు పల్లె పిల్లలకు, మూడో వంతు ఆడపిల్లలకు.

ఇక్కడే పరిమితి కూడా బయటపడింది. నవోదయ ఆరో తరగతిలో సీట్లు గరిష్ఠంగా 80. ఉమ్మడి అనంతపురం జిల్లాలో మండలాలు 63. మండలానికి ఒకరికి మించి సీటు దక్కడమే గగనం. పరీక్షకు కోచింగు పుట్టింది. కోచింగుకు ఫీజు పుట్టింది. ఉచిత బడి వాకిట్లోకి కూడా డబ్బు చేరింది.

అమెరికాలో గురుకులం లాంటి ఆలోచనకే చార్టర్ స్కూలు అని పేరు. 1991లో మిన్నెసోటా రాష్ట్రం మొదటి చట్టం చేసింది. మరుసటి ఏడాది సెయింట్ పాల్ నగరంలో సిటీ అకాడమీ తెరుచుకుంది. ప్రభుత్వ సొమ్ము, ఫీజు లేని చదువు, నిర్వహణలో స్వేచ్ఛ, బదులుగా ఫలితాలకు జవాబుదారీ. కొడిగెనహళ్లి దీనికి ఇరవై ఏళ్ల పెద్దది. అయితే ఒక తేడా ఉంది. అక్కడ సీట్లకు మించి దరఖాస్తులు వస్తే సాధారణంగా లాటరీ తీస్తారు. పైగా ఆ తొలి బడి చదువు మానేసిన పిల్లల కోసం పెట్టింది. మనం మాత్రం బాగా చదివే పిల్లల్ని ఏరి మంచి బడి కట్టాం. మన దగ్గర చదువు మానేసిన పిల్లల కోసం బడి అనే దారిని చూపినవి 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు. చదువు ఆగిపోయిన ఆడపిల్లల్ని వెతికి తెచ్చి చేర్చుకునే బడులవి.

కాన్వెంటు కాలం

1980ల తర్వాత కాన్వెంట్లు పట్టణాల నుంచి మండల కేంద్రాలకు పాకాయి. నెల్లూరులో 1979లో మొదలైన నారాయణ, విజయవాడలో 1986లో మొదలైన శ్రీచైతన్య ర్యాంకుల చదువును ఒక పరిశ్రమగా మార్చాయి. బెంగళూరు పక్కనే ఉండడం, 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల తయారీ మొదలవడం ఇంగ్లీషు మీద ఆశను ఇంకా పెంచాయి. ప్రైవేటు బడి గెలుపుకు పెద్ద కారణం మరొకటి ఉంది. అది మూడేళ్ల బిడ్డను ఎల్కేజీలో చేర్చుకుని వ్యాను పంపింది. సర్కారు బడి ఒకటో తరగతి దాకా ఎదురుచూసింది. ఆరో తరగతిలో ఎంపిక గురించి ఆలోచించేసరికి చాలా ఇళ్లలో అది మూడో ఏటనే తేలిపోయింది. ధర్మవరం నేతన్నకు కూలి చీర దిగితేనే వస్తుంది. ఫీజు మాత్రం టర్ము తేదీకి కట్టాలి. 1823లో క్యాంప్‌బెల్ చూసిన ఇబ్బంది మళ్లీ ఆ ఇంటి గడప తొక్కింది.

ప్రభుత్వం కూడా ఈ ఎంపికలో చేయి కలిపింది. 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడి నగదు సాయం, ప్రైవేటు బడిలో చదివే పేద పిల్లల తల్లులకూ వర్తించింది. 2025లో దాని స్థానంలో తల్లికి వందనం వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో పేదలకు ఉంచిన 25 శాతం సీట్లు ఆంధ్రప్రదేశ్‌లో 2022–23 నుంచి అమలులోకి వచ్చాయి. మరోవైపు, 2021లో ఎయిడెడ్ సంస్థల విలీనానికి తెచ్చిన ఆర్డినెన్సుతో ఒకటిన్నర శతాబ్దాల నడిమి దారి ఇరుకైపోయింది.

చరిత్ర చెప్పేది

ఈ రెండు వందల ఏళ్లను కలిపి చూస్తే నాకు ఒకటే అర్థమవుతోంది. కొడిగెనహళ్లిని గెలిపించింది ప్రవేశ పరీక్ష ఒక్కటే అని నేను నమ్మను. ప్రాంగణంలో నిలిచి ఉన్న ఉపాధ్యాయుడు, సాయంత్రపు చదువు, వేళకు తిండి, నిర్ణయం తీసుకునే స్వేచ్ఛ ఉన్న ప్రధానోపాధ్యాయుడు కలిసి గెలిపించారు. ఇందులో ఏదీ ఏరిన పిల్లలకే పరిమితం కానక్కర్లేదు. వసతి లేకపోయినా జిల్లా పరిషత్ హైస్కూల్లో సాయంత్రం రెండు గంటల చదువు పెట్టవచ్చు. లెక్కలు, ఇంగ్లీషు పోస్టులు ఖాళీ లేకుండా చూడవచ్చు. ఏడాది మధ్యలో బదిలీలు ఆపవచ్చు.

అందాకా తల్లిదండ్రులు ఏ బడి గేటు ముందైనా అడగవలసిన ప్రశ్నలు ఇవే. ఎనిమిదో తరగతికి లెక్కలు ఎవరు చెబుతారు, ఎన్నేళ్లుగా ఇక్కడ ఉన్నారు? వెనకబడ్డ పిల్లవాణ్ని ఏం చేస్తారు? పదో తరగతి అయ్యేసరికి మొత్తం ఖర్చెంత? భవనం రంగు, ఫ్లెక్సీ మీది ఫొటోలు వీటికి జవాబు చెప్పవు.

నవోదయలో సీటు రాని పిల్లలు, ఫీజు కట్టలేని పిల్లలు చివరికి వచ్చేది ఊళ్లోని హైస్కూలుకే. ఆ బడిని బాగుచేస్తేనే మిగతా బడులను ఎంచుకోవడం అవసరం కాక ఇష్టం అవుతుంది. అప్పుడే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం తల్లిదండ్రులకు నిజంగా ఎంపిక దక్కినట్టు.