ఊపిరి చివర మిగిలే ఒత్తిడి

పది కిలోల బిడ్డకు ఒక్కో ఊపిరికి పట్టే గాలి 60, 70 మిల్లీలీటర్లు. చిన్న టీ గ్లాసెడు. మత్తులో ఉన్న బిడ్డకు ఆ కాస్త గాలిని ఎంత ఒత్తిడితో ఇవ్వాలో తేలడానికి అరవై ఏళ్లు పట్టింది.

1937లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో ఫిలిప్ ఏర్, గ్రహణంమొర్రి పిల్లల ఆపరేషన్ల కోసం కవాటాలు లేని టీ-ఆకారపు గొట్టం వాడాడు. ఆయనా గ్రహణంమొర్రితో పుట్టినవాడే. 1950లో లివర్‌పూల్‌లో జాక్సన్ రీస్ దానికి తోక తెరిచి ఉన్న సంచి తగిలించాడు. మన థియేటర్లలో దాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే అడుగుతారు. మత్తు డాక్టర్ ఒక చేత్తో మాస్కు పట్టుకుని, రెండో చేత్తో సంచి నొక్కుతూ, అదే చేతి చివరి వేళ్లతో తోకను బిగిస్తూ వదులుతూ ఉంటారు. బిగిస్తే ఒత్తిడి పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. చాలాకాలం కొలమానం ఆ వేళ్లే.

ఊపిరితిత్తి బిగుసుకుంటే అలవాటైన చెయ్యి ఇట్టే పసిగడుతుందని పెద్దలు నేర్పేవారు. 1991లో అమెరికాలో పరీక్షించి చూస్తే అనుభవజ్ఞుల చేతులకూ ఆ తేడా నమ్మకంగా అందలేదు. ఒప్పుకోవడానికి బాధగా ఉన్నా, పిల్లలకు మేలు చేసిన నిజం అది.

పెద్దవాళ్ల వైద్యంలో ఆలోచన మరో దారి పట్టింది. మత్తులో ఊపిరితిత్తుల్లో కొన్ని భాగాలు ముడుచుకుపోతున్నాయని 1963లో బోస్టన్ వైద్యులు చెప్పారు. పెద్ద పెద్ద ఊపిర్లిస్తే విచ్చుకుంటాయన్నారు. ఆ మాట ఏళ్ల తరబడి నిలిచింది. 1974లో వెబ్, టియర్నీ అనే పరిశోధకులు ఎలుకలకు 45 సెంటీమీటర్ల నీటి పీడనంతో గాలి కొడితే ఊపిరితిత్తుల్లో నీరు నిండింది. అదే 45 కొడుతూ, ఊపిరి వదిలాక కూడా 10 మిగిల్చినప్పుడు హాని బాగా తగ్గింది.

నా దృష్టిలో అసలు మలుపు అంతకు మూడేళ్ల ముందుదే. ఊపిరితిత్తులు ముదరని నవజాత శిశువులకు శాన్‌ఫ్రాన్సిస్కోలో జార్జ్ గ్రెగరీ, ఊపిరి వదిలాక ఒత్తిడి సున్నాకు పడిపోకుండా ఆపాడు. 20 మందిలో 16 మంది బతికారు. పసివాళ్ల పక్కటెముకలు మెత్తన. మత్తు ఇవ్వగానే ఛాతీ లోపలికి కుంగుతుంది, సన్నని గాలిగొట్టాలు మూసుకుంటాయి. వాటిని తెరిచి ఉంచేది ఆ మిగిలిన ఒత్తిడే. 1999లో మత్తులో ఉన్న చిన్నపిల్లలకు సీటీ స్కాన్ తీస్తే, ఊపిరి చివర 5 సెంటీమీటర్లు నిలపగానే ముడుచుకున్న భాగాలు విచ్చుకున్నాయి. ఇవాళ పిల్లల ఆపరేషన్లలో వెంటిలేటరు మీద తరచూ కనిపించే అంకె అదే.

శ్వాసనాళంలో గొట్టం వేయకముందు, మాస్కుతో గాలి ఇస్తున్నంతసేపూ ఊపిరి ఇచ్చేటప్పటి ఒత్తిడి 15 సెంటీమీటర్లు దాటకుండా చూస్తారు. దాటితే గాలి అన్నవాహికలోకి మళ్లి పొట్ట ఉబ్బుతుంది, ఉబ్బిన పొట్ట ఊపిరితిత్తులను కింద నుంచి నొక్కుతుంది. అందుకే డాక్టర్ చూపు అంకె మీద ఎంత ఉంటుందో, బిడ్డ బొడ్డు చుట్టూ అంతే ఉంటుంది.