నమూనా రైలు వంతెనకు రంగులు వేయుట

నమూనా రైలు వంతెనకు రంగులు వేయుట అనగా చిన్న కొలతలో తయారుచేసిన రైలు వంతెన బొమ్మకు అసలు వంతెన రంగును, కాలక్రమంలో దానికి వచ్చిన తుప్పు, మసి, నాచు వంటి మార్పులను కల్పించే ప్రక్రియ. ఇందులో రెండవ భాగాన్ని వెదరింగ్ అంటారు. ఎండకు, వానకు గురైన వస్తువులా కనిపింపజేయడమే దీని ఉద్దేశం.

కొలతలు

నమూనా రైళ్ళలో హెచ్.ఓ. (1:87), ఎన్ (1:160) అనేవి బాగా ప్రచారంలో ఉన్న కొలతలు. రాజమండ్రి వద్ద 1900లో ప్రారంభమై 1997లో రైళ్ళ రాకపోకలు ఆగిపోయిన హేవలాక్ వంతెనలో 56 కమానులు ఉన్నాయి. ఒక్కొక్క కమాను సుమారు 45.7 మీటర్లు. ఎన్ కొలతలో ఒక కమాను 28.6 సెంటీమీటర్లు అవుతుంది. మొత్తం వంతెనకు 16 మీటర్లకు పైగా స్థలం కావాలి. అందువలన ఇటువంటి వంతెనలను నమూనాగా చేసేవారు సాధారణంగా కమానుల సంఖ్యను తగ్గిస్తారు.

అసలు వంతెనపై 16 మిల్లీమీటర్ల ఎత్తు ఉండే రివెట్ తల ఎన్ కొలతలో 0.1 మిల్లీమీటరు మాత్రమే. రంగు మందంగా వేస్తే రివెట్లన్నీ పూడిపోతాయి. ఈ పొరపాటును సరిదిద్దడం చాలా కష్టం.

రంగు వేసే విధానం

* ముందుగా భాగాలను సబ్బు కలిపిన గోరువెచ్చని నీటితో కడిగి ఆరబెట్టాలి. జిడ్డు ఉంటే రంగు పట్టదు.
* ప్రైమర్‌ను, ఆ తరువాత అసలు రంగును ఒకే మందపు పూతగా కాక పలుచని పూతలుగా వేయాలి. ఒక పూత ఆరిన తరువాతనే మరొకటి వేయాలి.
* చిన్న వస్తువుపై ముదురు రంగు మరింత ముదురుగా కనిపిస్తుంది. కనుక అసలు రంగులో కొద్దిగా తెలుపు లేదా బూడిద రంగు కలుపుతారు.

వెదరింగ్ పద్ధతులు

* పలుచని పూత: నీటితో బాగా పలుచన చేసిన నలుపు లేదా గోధుమ రంగును పూస్తే అది మూలల్లోను, రివెట్ల చుట్టూ నిలిచి నీడలను చూపుతుంది.
* పొడి కుంచె: కుంచెకు అంటిన రంగును గుడ్డపై దాదాపు పూర్తిగా తుడిచి, అంచులపై తేలికగా రాస్తారు. దీనివలన ఎత్తైన భాగాలు స్పష్టమవుతాయి.
* రంగుల పొడి: మెత్తని సుద్దరంగు కడ్డీలను గీకగా వచ్చిన పొడిని తుప్పుకు, మసికి వాడతారు. చివర మెరుపులేని వార్నీష్ చల్లితే పొడి నిలుస్తుంది, కాని దాని రంగు కొంత తగ్గుతుంది.

తుప్పు అంతటా సమానంగా రాదు. నీరు నిలిచే అతుకుల వద్ద పుట్టి, చారలుగా కిందికి జారుతుంది. కాబట్టి చారలను ఎల్లప్పుడూ పైనుండి కిందికే గీయాలి. రాతి స్తంభాలపై నీటిమట్టం వద్ద నాచు, రాళ్ళ సందుల కింద తెల్లని సున్నపు మరకలు చూపవచ్చు.

కాలానికి తగిన రంగు

స్కాట్లాండులో 1890లో ప్రారంభమైన ఫోర్త్ వంతెన ఎర్రని రంగుకు ప్రసిద్ధి. దానికి రంగు వేయడం ఎన్నటికీ ముగియని పని అని ఆంగ్లంలో నానుడిగా మారింది. అయితే 2011లో పూర్తయిన పునరుద్ధరణలో పాత పూతలను తొలగించి, దీర్ఘకాలం మన్నే కొత్త పూత వేశారు. కనుక 2011 అనంతర కాలపు నమూనాపై విపరీతంగా తుప్పు చూపిస్తే అది వాస్తవానికి విరుద్ధం. పాత కాలపు నమూనాలో మాత్రం వెలిసిన పూతలు, కొత్త పూతలు పక్కపక్కనే చూపడం సమంజసం. ఏ వంతెనకైనా ముందుగా సంవత్సరాన్ని నిర్ణయించుకొని, ఆ కాలపు ఛాయాచిత్రాలను పరిశీలించాలి.

జాగ్రత్తలు

నమూనా ఇంజన్లు సాధారణంగా పట్టాల ద్వారానే విద్యుత్తును గ్రహిస్తాయి. పట్టాల పక్కలకు తుప్పు రంగు వేయవచ్చును గాని, పైభాగానికి అంటిన రంగును ఆరకముందే తుడిచివేయాలి. లేనిచో ఇంజను వంతెన మధ్యలో ఆగిపోతుంది. స్ప్రే రంగులను గాలి ధారాళంగా వచ్చే చోట, నిప్పుకు దూరంగా, ముక్కుకు తగిన మాస్కు ధరించి వాడాలి. పిల్లలు పెద్దల పర్యవేక్షణలోనే ఈ పని చేయాలి. ప్రతి పద్ధతిని ముందుగా పనికిరాని ప్లాస్టిక్ ముక్కపై ప్రయత్నించి చూడడం మంచిది.

ఇవి కూడా చూడండి

* హేవలాక్ వంతెన
* ఫోర్త్ వంతెన
* తుప్పు