మైలాపూరు యాత్ర – ఒక లెక్కలవాని పరిశీలనము

మన గ్రంథాలయము 25 సంవత్సరములు నిండించుకొని రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ శుభసమయమున, సంచికకు ఒక చారిత్రక వ్యాసము వ్రాయుమని సంపాదకవర్గమువారు నన్ను కోరిరి. నేను పెద్ద చదువులు చదివినవాడను కాను. సహకార సంఘమున లెక్కలు వ్రాసి జీవించువాడను. నాకు వచ్చిన నాలుగు అక్షరములును ఈ గ్రంథాలయపు బీరువాలు పెట్టిన భిక్షయే. భారత భాగవతములు నేనిచ్చటనే చదివితిని. ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్రయు ఇచ్చటనే చదివితిని. ఆ ఋణము కొంతయైన తీరునను ఆశతో, నేను స్వయముగ పోయి చూచి వచ్చిన యొక యాత్రను గూర్చియు, అది నాకు నేర్పిన పాఠమును గూర్చియు విన్నవించుచున్నాను.

వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి బయలుదేరి, హైదరాబాదు చేరి, అచ్చటినుండి నాగపురపు బాటను ఉత్తరమునకు సాగి కాశిని సేవించి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిరి. వారి గ్రంథము 1838లో అచ్చుపడెను. ఆ నాగపురపు బాటయే మన మేడ్చల్ మీదుగ పోవు బాట. వారు చెన్నపట్టణమునుండి ఇటు వచ్చిరి. మేము ఇటనుండి చెన్నపట్టణమునకు పోతిమి. ఇదియే భేదము.

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతపు కతోలిక కుటుంబములవారు నలుబదిమంది చేరి, యేసుప్రభువు శిష్యుడైన తోమాసుగారి స్థలములు దర్శింప సంకల్పించిరి. యెరూషలేము యాత్రకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2008లో ధనసహాయము నేర్పరచినను, ఆ దూరయాత్ర అందరికిని అందునది కాదు. మైలాపూరు అన్ననో ఒక రాత్రి రైలు ప్రయాణము. నేను వారి మతమునకు చెందినవాడను కాను. అయినను, “ఖర్చులు నీవు వ్రాసిన యెడల తగవు రాదు” అని నన్ను వెంట రమ్మనిరి. సికింద్రాబాదున 1850లో పూర్తియై, 2008లో బసిలికా గౌరవము పొందిన మరియమాత దేవాలయమున ప్రార్థన చేసికొని రైలెక్కితిమి. త్రోవ చూపుటకు ఒక ఉపదేశిగారు మాతో వచ్చిరి. ఆయన ఆ స్థలములను పలుమారులు చూచినవారు, చక్కని వక్త.

ఇట్లు ఒకరు ముందు నడచి చూపుచుండగా పుణ్యస్థలములు దర్శించుట క్రైస్తవులలో మిక్కిలి పాత ఆచారము. క్రీ.శ. 384 ప్రాంతమున ఎగేరియా యను నొక స్త్రీ పశ్చిమ దేశములనుండి బయలుదేరి యెరూషలేము, ఐగుప్తు, సీనాయి పర్వతము దర్శించి, తన తోడి స్త్రీలకు లేఖ వ్రాసెను. ప్రతి స్థలమునను అచ్చటి మునులు ఆమెకు త్రోవ చూపి, ఆ స్థలమునకు తగిన వేదభాగమును చదివి వినిపించెడివారు. ఆ లేఖ ప్రతి, మొదటి చివరి పుటలు పోయినదై, 1884లో ఇటలీలోని అరెజ్జో నగరమున దొరకెను. ఆ స్త్రీ సిరియా దేశపు ఎడెస్సా నగరమునకును పోయెను. ఎందులకన, తోమాసుగారి అస్థికలు అచ్చట నుండెననుటచేత! ఈ మాట పాఠకులు గుర్తుంచుకొన ప్రార్థన; మరల దీని పని కలదు.

ఇక తోమాసు ఎవరు? ప్రభువు పండ్రెండుగురు శిష్యులలో నొకడు. గురువు మరణమునుండి లేచెనని తోడివారు చెప్పినను, గాయములను ముట్టి చూచినగాని నమ్మననినవాడు. లెక్కలు వ్రాయువానికి ఇట్టివానిపై సహజముగనే గౌరవము కలుగును. మూడవ శతాబ్దిలో సిరియా భాషలో పుట్టిన ‘తోమాసు కార్యములు’ అను గ్రంథమున ఒక కథ కలదు. హిందూదేశపు రాజు గుండఫరు కోట కట్టుమని ఆయనకు ధనమిచ్చెనట. ఆయన ఆ ధనమంతయు బీదలకు పంచెను. రాజు వచ్చి కట్టడ మెక్కడ, లెక్క యెక్కడ అని యడుగగా, “నీ కోట పరలోకమున కట్టబడినది, ఇప్పుడు చూడజాలవు” అని బదులు చెప్పెను. రాజు కోపించి చెరసాలలో వేయించెను. పిదప రాజు తమ్ముడు మరణించి, పరలోకమున ఆ కోటను చూచి, మరల జీవించి వచ్చి సాక్ష్యమిచ్చెనట. ఇట్టి లెక్కను మా సంఘపు ఆడిటరు అంగీకరింపడు! అయినను ఈ కథను చదివి కన్నీరు నించినవారు ఎందరో.

పండితులు చాలకాలము ఆ గుండఫరును కల్పితరాజుగ తలచిరి. 19వ శతాబ్దిలో వాయవ్య దిక్కున ఆయన పేరుగల నాణెములు దొరకెను. తఖ్త్-ఇ-బాహీ శాసనమును బట్టి ఆయన మొదటి శతాబ్ది పూర్వార్ధమున రాజ్యము చేసెనని తేలినది. అనగా కథ అక్షరాల నిజమని ఋజువు కాలేదు. కాని కథలోని రాజు నిజమైన రాజు.

మేము మొదట సైదాపేటలోని చిన్నమలైకు పోతిమి. అచ్చట ఒక రాతిగుహ, ఒక ఊట కలవు. ప్రాణభయముచే తోమాసుగారు ఈ గుహలో దాగిరని వాడుక. అచ్చట పోర్చుగీసువారు 1551లో దేవాలయము కట్టిరి. పిమ్మట పరంగిమలై ఎక్కితిమి. నూటముప్పదికి పైబడిన మెట్లు. పద్దెనిమిదవ శతాబ్దిలో పెట్రోస్ ఉస్కాన్ అను నొక అర్మేనియా వర్తకుడు ఆ మెట్లు కట్టించి, మరమ్మతులకై నిధియు ఏర్పరచెను. సత్రము కట్టించి మాన్యము వ్రాయు మన దాతల పద్ధతియే ఇదియును. క్రీ.శ. 72లో తోమాసుగారు ఈ కొండమీద బల్లెపుపోటుతో మరణించిరని వాడుక. కడపట శాంతోము పెద్ద దేవాలయము చేరితిమి. సమాధిమీద పోర్చుగీసువారు 1523లో కట్టినదానిని తీసి, నేడున్న తెల్లని కట్టడమును 1896లో పూర్తిచేసిరి. దాని క్రింద సమాధి కలదు.

ఉపదేశిగారు ప్రతి స్థలమునను ఒకే స్థాయిలో, ఒకే నిశ్చయముతో చెప్పుచు వచ్చిరి. గుహయు, మెట్లు కట్టిన సంవత్సరమును, బల్లెపుపోటును, దేవాలయపు తేదీయు ఆయన నోట ఒకే త్రాసులో తూగెను. జనులు మ్రొక్కుచుండిరి. సమాధి యొద్ద శామీర్‌పేటకు చెందిన ఒక వృద్ధురాలు, డెబ్బదియేండ్లు దాటినది, నా చేయి పట్టుకొని మెల్లగ నిట్లడిగెను: “బిడ్డా, నువ్వు లెక్కలు రాసేటోనివి. నిజం చెప్పు. దేవుని శిష్యుడు నిజంగ గీడికి వచ్చిండా?”

నాకు నోట మాట రాలేదు. ఔనన్న యెడల నేను చూడని దస్తావేజుకు సాక్షిసంతకము చేసినట్లగును. కాదన్న యెడల ఆమె కూలి డబ్బు కూడబెట్టుకొని చేసిన యాత్రను నేను మంటగలిపినట్లగును. అంతేగాక, కాదనుటకును నా యొద్ద కాగితము లేదు. “ఇంటికి పోయి చూచి చెప్పెద, అవ్వా” అని తప్పించుకొంటిని. ఆ మాట నన్ను నిదురపోనీయలేదు. మరలి వచ్చిన పిదప ఈ గ్రంథాలయమున కూర్చుండి, ఇచ్చట లేని పుస్తకములు పట్టణమునుండి తెప్పించుకొని, నాలుగు మాసములు చదివితిని.

మన తెలంగాణములో భూమి తగవు వచ్చినప్పుడు మూడు విషయములు చూతుము. మొదటిది పత్రము – సేత్వారు, 1954–55 నాటి ఖాస్రా పహాణీ మొదలగునవి. రెండవది అనుభవము – ఆ భూమిని ఎవరు ఎన్నాళ్లనుండి దున్నుచున్నారని పాత పహాణీలలోని అనుభవదారు గడి చెప్పును. మూడవది ఇరుగుపొరుగువారి నోటిమాట. మా తండ్రిగారు పట్వారీ దఫ్తరముల మధ్య పెరిగినవారగుటచే ఈ పద్ధతి నాకు చిన్ననాటనే అబ్బినది. తోమాసుగారి సమాధికిని ఇదే పద్ధతిని పట్టించి చూచితిని.

పత్రము: 1291లో మోంటెకోర్వినో యోహాను అను సన్న్యాసి చీనాకు పోవుచు ఈ తీరమున తోమాసు దేవాలయము నొద్ద 13 మాసములుండెను. ఆయన తోడివాడు మరణింపగా ఆ దేవాలయముననే పాతిపెట్టిరి. 1305లో తాను వ్రాసిన లేఖలో ఆయనయే ఈ సంగతి తెలిపెను. వెంటనే, 1292–93 ప్రాంతమున మార్కోపోలో వచ్చెను. సమాధి ఒక చిన్న ఊరిలో నున్నదనియు, క్రైస్తవులును ముసల్మానులును అచ్చటికి యాత్ర వత్తురనియు, ఆ ఎర్రమట్టిని రోగులకు మందుగ తీసికొనిపోదురనియు వ్రాసెను. కొండమీద 1547లో పునాదులు త్రవ్వుచుండగా పహ్లవీ లిపిగల రాతిసిలువ దొరకెను. ఆ సిలువ ఆరు–తొమ్మిది శతాబ్దుల నడిమిదని పండితులందురు. అట్టిదే కేరళదేశపు కొట్టాయములోను కలదు. కావున పోర్చుగీసువారు రాకముందే ఇచ్చట పారసీక దేశముతో సంబంధముగల క్రైస్తవులు ఉండిరనుట నిస్సంశయము.

మార్కోపోలో మాట ఎంతవరకు నమ్మదగినది? దీనికి మన ఇంటిలోనే ఒక పరీక్ష కలదు. ఆయనయే మోటుపల్లి రాజ్యమును వర్ణించుచు, అచ్చట మహారాణి నలుబదియేండ్లుగ న్యాయముగ పాలించుచున్నదని పొగడెను. ఆమె మన కాకతి రుద్రమదేవియే. అయితే ఆమెను రాజుగారి విధవయని వ్రాసెను. ఆమె గణపతిదేవుని భార్య కాదు, కుమార్తె. నల్లగొండ ప్రాంతపు చందుపట్ల శాసనమును బట్టి ఆమె 1289 నాటికే శివసాయుజ్యము పొందినది. అనగా రాణి యుండెననుట నిజము, న్యాయముగ పాలించెననుట నిజము. బంధుత్వము పొరపాటు, వార్త కొంచెము పాతది. బాటసారి మాటను ఇట్లే గ్రహింపవలెను.

అనుభవము: 1291నుండి నేటివరకు, 700 ఏండ్లకు మించి, జనులు ఆ సమాధికి వచ్చుచున్నారు. ఇట్టి దీర్ఘానుభవమును ఏ న్యాయస్థానమును తేలికగ త్రోసివేయదు.

నోటిమాట: మొదటి శతాబ్దినుండి 1291వరకు గల కాలమంతయు ఈ గడిలో పడును. నాలుగవ శతాబ్దికే అస్థికలు ఎడెస్సాలో నున్నట్లు ఎగేరియా యాత్రవలన తెలియుచున్నదిగదా. 373లో మరణించిన ఎఫ్రేము కవి, ఒక వర్తకుడు వానిని హిందూదేశమునుండి తెచ్చెనని పాడెను. ఆరవ శతాబ్దిలో తూరు నగరపు గ్రెగోరీ, మొదట ఆ దేహము పెట్టిన చోట హిందూదేశమున దేవాలయము కలదని చూచి వచ్చిన వాని నోట విని వ్రాసెను. కాని ఊరి పేరు వీరెవ్వరును చెప్పలేదు. మొదటి శతాబ్దిలో రోమునుండి మన తీరమునకు ఓడలు వచ్చెననుట నిజము. ఆ కాలపు నావికుని గ్రంథమున మన కృష్ణాతీరపు బట్టల ప్రశంసయు కలదు. కావున తోమాసుగారు రావచ్చును. రావచ్చుననుట వేరు, వచ్చెననుట వేరు.

ఇక మరణవిషయము. సిరియా గ్రంథమున, మజ్దాయి యను రాజు ఆజ్ఞచే సైనికులు పొడిచిరని కలదు. మైలాపూరు వాడుకలో శత్రువులు పొడిచిరందురు. మార్కోపోలో విన్న కథ వేరు: తోమాసు అడవిలో ప్రార్థించుచుండగా, చుట్టును నెమళ్లు తిరుగుచుండెను, వేటగాడొకడు నెమలిని కొట్టబోయిన బాణము పొరపాటున ఆయనకు తగిలెను. ఒకే ఖర్చు మూడు పద్దులలో మూడు విధములుగ వ్రాసియున్నప్పుడు, దానిని పట్టుకొని ఎవరిమీదను బాకీ వ్రాయరాదు. ఈ మరణమును సాకుగ తీసికొని నేడు ఒక కులమును గాని మతమును గాని నిందించువారు లెక్క తెలియనివారు.

ఈ సంగతులన్నియు తీసికొని నేను శామీర్‌పేటలో ఆ వృద్ధురాలి ఇంటికి పోతిని. “అవ్వా! ఏడువందల ఏండ్లనుండి జనులు అచ్చట మ్రొక్కుచున్నారనుటకు కాగితము కలదు. అంతకు ముందుది నోటిమాట. అది అబద్ధమనుటకు సాక్ష్యము లేదు, నిజమనుటకు చాలినంత సాక్ష్యమును లేదు” అని చెప్పితిని. ఆమె మనసు నొచ్చునేమోయని భయపడితిని. ఆమె నవ్వి, “గంతేనా బిడ్డా! మా మామ భూమి కొన్నప్పుడు గూడ తెల్ల కాగితమే గద. దున్నుకుంటనే వచ్చినం” అనెను. సాదా బైనామా కష్టములెరిగిన మన పాఠకులకు ఈ మాటలోని బరువు నేను వివరింప నక్కరలేదు.

మరుసటి ఏడు ఉపదేశిగారు మరల యాత్రికులను తీసికొనిపోవునప్పుడు నా కాగితమును అడిగి తీసికొనిరి. గుహ యొద్ద “పెద్దలు చెప్పుదురు” అనియు, సిలువ యొద్ద “ఇది దొరకిన సంవత్సరము 1547” అనియు వేరువేరుగ చెప్పితిననియు, మ్రొక్కువారి సంఖ్య ఏమియు తగ్గలేదనియు నాకు తెలిపిరి. ఇది నాకు మిక్కిలి సంతోషము కలిగించినది.

పాఠక మహాశయులారా! మన ఊళ్లకును ఇట్టి నోటిమాటలు ఎన్నియో కలవు. చెరువు కట్ట ఎవరు వేయించిరి, కట్ట మైసమ్మకు తొలి బోనము ఎవరెత్తిరి, దర్గాకు దీపము ఎవరి మాన్యమున వెలిగెను – ఇవి చెప్పగల వృద్ధులు ఏటేట తగ్గిపోవుచున్నారు. వారు పోయిన పిదప మనకు పత్రమును ఉండదు, మాటయు ఉండదు. కావున ఈ రజతోత్సవ సందర్భమున నాదొక చిన్న విన్నపము. గ్రంథాలయమున ఒక పెద్ద పుస్తకము ఉంచుడు. ఏ పెద్ద ఏ మాట చెప్పెనో, పేరు, తేదీ వేసి వ్రాయుడు. కన్నది కన్నట్లు, విన్నది విన్నట్లు వేరు గడులలో వ్రాయుడు. గడులు గీయు పనికి నేను సిద్ధముగ నున్నాను.

ఈ గ్రంథాలయము మరెన్నో ఉత్సవములు జరుపుకొనుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాను.