గోధుమ చేలో చక్రాలు, మా మామయ్య కొన్న రాగి రేకులు

ఈసారి పోస్టు కాస్త పొడుగే. తీరిక ఉన్నవాళ్ళు ఇప్పుడే చదవండి, లేనివాళ్ళు దాచుకుని రాత్రికి చదువుకోండి.

పోయిన నెల మా మామయ్య వరసాయన ఇంటికి ఒకతను వచ్చి నాలుగు రాగి రేకులు అమ్మి వెళ్ళాడు. రేకుల మీద యంత్రం గీసి ఉంది. పొలం నాలుగు మూలలా పాతితే చీడపీడ దగ్గరికి రాదు, దిగుబడి పెరుగుతుంది అన్నాడంట. నాలుగూ కలిపి ఆరు వేలు. మామయ్య ఊరికే నమ్మే మనిషి కాదు. పురుగుమందు డబ్బా కూడా అటూ ఇటూ తిప్పి తేదీ చూసి గానీ కొనడు. అలాంటాయన్ని పడగొట్టింది ఆ వచ్చినతను ఫోనులో చూపించిన ఫోటోలు. ఎక్కడో ఇంగ్లండులో గోధుమ చేలల్లో రాత్రికి రాత్రి చేను వాలిపోయి పడిన చక్రాలు, చక్రంలో శిలువ, స్వస్తిక్. చివర్లో బీడు నేల మీద పేద్ద శ్రీచక్రం. "మన ఋషులు చెప్పిన గుర్తులే ఇవి. అక్కడ భూమాత తనే వేసుకుంటోంది, మనమే మర్చిపోయాం" అన్నాడంట.

"ఏరా అల్లుడూ, ఫోటోలు అబద్ధం చెప్తాయా?" అని మామయ్య అడిగాడు. ఫోటోలు నిజమే. అక్కడ చక్రాలు పడ్డదీ నిజమే. వాటి వెనక కథ మాత్రం వేరే ఉంది. మామయ్యకి అరుగు మీద కూర్చుని చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

ఇంగ్లండు దక్షిణాన విల్ట్‌షైర్ అనే జిల్లా ఉంది. సుద్దమట్టి నేలలు, పెద్ద పెద్ద కమతాలు, గోధుమ, బార్లీ. ఆ జిల్లాలోనే స్టోన్‌హెంజ్ ఉంది, ఎవెబరీ ఉంది. దాదాపు ఐదు వేల ఏళ్ళ కిందట మనుషులు బండరాళ్ళు మోసుకొచ్చి గుండ్రంగా నిలబెట్టిన చోట్లు అవి. ఎవరు, దేనికి నిలబెట్టారో రాతలో పెట్టినవాళ్ళు లేరు. అంటే ఆ నేలకి ముందునుంచే ఒక మహిమ పేరు ఉంది. పక్క పొలంలో గుండ్రంగా చేను పడితే ఎవడికైనా ముందు ఆ రాళ్ళే గుర్తుకొస్తాయి. ఈ చక్రాలు ఎక్కువగా ఆ చుట్టుపక్కలే పడ్డాయంటే కారణం ఇందులోనే ఉందని నాకు అనిపిస్తుంది. గుర్తు ఎక్కడ వేస్తే జనం చదువుతారో అక్కడే వేస్తారు కదా. సంతలో అరిచినట్టు శ్మశానంలో ఎవడూ అరవడు.

ఇక అసలు మనుషులు. డగ్ బోవర్, డేవ్ చోర్లీ. సౌతాంప్టన్ ఊరివాళ్ళు, ఇద్దరికీ బొమ్మలు గీసే సరదా. డగ్ పటాలకి ఫ్రేములు కట్టేవాడు. వారానికోసారి పల్లెలో ఒక పబ్బుకి పోయి బీరు తాగుతూ కబుర్లు చెప్పుకోవడం అలవాటు. డగ్ అంతకుముందు కొన్నేళ్ళు ఆస్ట్రేలియాలో ఉండొచ్చాడు. అక్కడ 1966లో క్వీన్స్‌లాండ్‌లో టల్లీ అనే ఊరి దగ్గర ఒక అరటి రైతు మడుగులోంచి పళ్ళెం లాంటిది లేచిపోవడం చూశానన్నాడు. వెళ్ళి చూస్తే మడుగులో తుంగ గుండ్రంగా తిరిగి పడి ఉంది. పేపర్లలో మోగిపోయింది ఆ కబురు. 1978 వేసవిలో ఒక రాత్రి పబ్బు నుంచి బయటికొచ్చి, పక్కన గోధుమ చేను చూసి డగ్‌కి ఆ తుంగ గుర్తొచ్చింది. ఇక్కడా అలాంటిది ఒకటి వేస్తే పళ్ళెం దిగిందనుకుంటారు కదా అన్నాడు. అంతే, మొదలైంది.

మొదట ఒక ఇనప కడ్డీతో చేశారు. తర్వాత నాలుగడుగుల చెక్కపలక, దాని రెండు చివర్లకీ తాడు. తాడు చేత్తో పట్టుకుని, పలక మీద కాలు పెట్టి తొక్కుకుంటూ మధ్య నుంచి చుట్టూ తిరగడమే. తిన్నగా గీత రావాలంటే టోపీకి తీగతో చిన్న రింగు కట్టుకుని, అందులోంచి దూరంగా ఒక గురుతు చూసుకుంటూ నడిచేవాళ్ళు. నాగలి సాలు తిన్నగా రావడానికి అవతలి గట్టు మీద చెట్టు చూసుకుని దున్నేవాళ్ళం కాదూ, అదే పద్ధతి.

"మరి లోపలికి పోయిన అడుగులు కనపడవా?" అని మామయ్య ఆపాడు. మంచి ప్రశ్న. అక్కడి వాళ్ళందరూ కూడా దీన్నే పెద్ద రుజువుగా చెప్పేవాళ్ళు, చేను నలగకుండా మధ్యలో చక్రం ఎలా పడింది అని. కానీ అక్కడ విత్తనం వేసేటప్పుడే మందు కొట్టే ట్రాక్టరు చక్రాల కోసం వరసగా జతలుగా ఖాళీ సాళ్ళు వదిలేస్తారు. మనం వరిలో దోమపోటు భయానికి రెండు మీటర్లకోసారి కాలిబాట తీయమూ, అలాగ. ఆ బాటలో నడిచిపోతే ఒక్క మొక్క నలగదు. ఇది రైతుకి వెంటనే తెలిసిపోతుంది. లండను నుంచి కెమెరా పట్టుకుని వచ్చినవాడికి తెలియలేదు.

మొదటి రెండు మూడేళ్ళు వీళ్ళ చక్రాలు ఎవరి కంటా పడలేదంట పాపం. అప్పుడు చీజ్‌ఫుట్ హెడ్ అనే చోటు ఎంచుకున్నారు. గిన్నెలా పల్లంగా ఉండే పొలాలు, పైన రోడ్డు. కార్లలో పోయేవాళ్ళందరికీ కనపడింది, పేపర్లలో పడింది. టెరెన్స్ మీడెన్ అనే వాతావరణ శాస్త్రం తెలిసినాయన వచ్చి, ఇవి సుడిగాలి వల్ల పడుతున్నాయి అన్నాడు. ఉత్త గుండ్రాలప్పుడు ఆ మాట కొంచెం నప్పేది కూడా. డగ్, డేవ్‌లకి ఒళ్ళు మండింది. గాలి ఎక్కడైనా తిన్నటి గీతలు గీస్తుందా చూద్దాం అని పొడుగాటి పెట్టెల్లాంటివి కలిపారు. గుర్తులు పెరగడానికి కారణం ఇదే, పైనుంచి వచ్చిన సందేశం కాదు. కింద చదివేవాడు ఒక అర్థం చెప్పగానే, రాసేవాడు ఇంకో అక్షరం కలిపాడు.

1989లో వింటర్‌బోర్న్ స్టోక్ దగ్గర స్వస్తిక్ లాంటి వాలు ఉన్న చక్రం పడింది. 1990 జులైలో ఆల్టన్ బార్న్స్‌లో చక్రాలూ, వాటిని కలిపే కమ్మీలూ, పక్కన తాళంచెవి పళ్ళ లాంటివీ పెట్టి బారుగా ఒక బొమ్మ పడింది. ఇక జనం ఆగలేదు. సూర్యచక్రం అన్నవాళ్ళు, భూదేవి మొర అన్నవాళ్ళు, పాత జాతుల లిపి అన్నవాళ్ళు. అప్పటికే ప్యాట్ డెల్గాడో, కోలిన్ ఆండ్రూస్ అనే ఇద్దరు కలిసి వీటి మీద పుస్తకం వేశారు, బాగా అమ్ముడుపోయింది.

1991 సెప్టెంబరులో డగ్, డేవ్ ఇద్దరూ 'టుడే' అనే పేపరుకి అంతా చెప్పేశారు. అప్పటికి ఇద్దరికీ అరవై దాటాయి. డగ్ భార్యకి అంతకుముందే అనుమానం వచ్చిందంట, శుక్రవారం రాత్రుళ్ళు కారు ఇన్ని మైళ్ళు ఎక్కడ తిరుగుతోందని. ఇంకో ఆవిడ ఎవరో ఉందనుకుంది. గోధుమ చేను అని చెప్తే ఏ భార్య నమ్ముతుంది చెప్పండి! చేసి చూపిస్తే గానీ నమ్మలేదు. పేపరువాళ్ళు కూడా అదే పని చేశారు. వీళ్ళ చేత కెంట్‌లో ఒక చేలో బొమ్మ వేయించి డెల్గాడోని పిలిచారు. ఆయన చూసి ఇది మనిషి చేసింది కాదన్నాడు. తర్వాత నిజం చెప్తే, మోసపోయానని ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోవడం దగ్గర ఆయన మీద నాకు గౌరవం ఉంది. అందరూ ఒప్పుకోరు.

ఒప్పుకోని వాళ్ళు చెప్పేది ఒకటి ఉంది, అది మన పనికి సంబంధించింది కాబట్టి ఆగి చెప్పాలి. చక్రంలో పడిన కాడలు విరగలేదు, వంగాయి. పైగా కణుపులు ఉబ్బి వంకర తిరిగాయి. చెక్కతో తొక్కితే విరగాలి కదా, ఏదో శక్తి వేడి పుట్టించింది అంటారు. మన వరి సంగతే చూడండి. పొట్ట దశ దాటాక ఒక గాలివాన కొట్టి చేను చాప పరిచినట్టు పడిపోతుంది. యూరియా దండిగా వేసిన మడైతే మరీను. కాడ పచ్చిగా ఉంటే విరగదు, వాలుతుంది. రెండు మూడు రోజులకి చూస్తే వెన్ను పైకి లేచి ఉంటుంది. కాడ మొత్తం లేవదు, కణుపు దగ్గర వంగి లేస్తుంది. కణుపుకి కింది వైపు కణాలు సాగుతాయి, పైవైపు సాగవు, అందుకని కణుపు లావై మోకాలిలా వంగుతుంది. గోధుమకీ బార్లీకీ అంతే. బతికున్న పైరు ఏదైనా వెలుతురు వైపు, ఆకాశం వైపు తిరగాలని చూస్తుంది. అక్కడ బొమ్మలు వేసేది కూడా గింజ పూర్తిగా గట్టిపడక ముందే. ఎండిన గోధుమ మీద పలక పెట్టి తొక్కితే పటపటా విరుగుతుంది, అది ఏ కూలి మనిషినడిగినా చెప్తాడు.

"సరే, అవి వాళ్ళు వేశారు. మరి శ్రీచక్రం?" అన్నాడు మామయ్య. ఆయన అసలు పట్టు అక్కడ.

ఆ ఫోటో అమెరికాలోది. ఆరెగాన్ రాష్ట్రంలో ఒక ఎండిన చెరువు అడుగు. 1990 ఆగస్టులో సైన్యం విమానం నడిపేవాళ్ళు పైనుంచి చూశారు. పావు మైలు వెడల్పు, గీతలన్నీ కలిపితే పదమూడు మైళ్ళ పైచిలుకు. తొమ్మిది త్రికోణాలు ఒకదాన్ని ఒకటి కోసుకుంటూ, చుట్టూ దళాలు, అచ్చం మన శ్రీచక్రమే. కొద్దిరోజులకి బిల్ విదర్‌స్పూన్ అనే చిత్రకారుడు ముందుకొచ్చి, నేనూ నా స్నేహితులూ వేశాం అన్నాడు. తోటపనిలో మట్టి గీరే పనిముట్టుని మనుషులే లాగి, సాలు తీసినట్టు గీత తీశారంట.

నేను మామయ్యకి చెప్పింది ఇదీ. బెజవాడ కొండ మీద అమ్మవారి గుళ్ళో శ్రీచక్రం ఆదిశంకరులు ప్రతిష్ఠించారని మనం చిన్నప్పటినుంచి వింటున్నాం. అంటే ఒక మనిషి చేత్తో పెట్టాడని చెప్పుకుంటూనే దండం పెడుతున్నాం. దానికి గ్రహాంతరవాసి సాక్ష్యం ఏనాడూ అడగలేదు. పొద్దున్నే అత్తయ్య వాకిట్లో చుక్కలు పెట్టి మెలికల ముగ్గు వేస్తుంది. అది రాత్రికి రాత్రి దానంతటదే పడితే పూజ ఎక్కడుంది? నడుం వంచి వేయడమే కదా పూజ. గుండ్రం, శిలువ, త్రికోణం, సుడి ఇవి అన్ని దేశాల్లోనూ పాతవే, ఎందుకంటే మేకూ తాడూ ఉన్న ఎవడైనా ముందు వేసేది గుండ్రమే. ఇంగ్లండు చేలో పడ్డ గుర్తుకి మనిషి వేశాడు కాబట్టి అర్థం లేదు అనను. ఆ పలక తొక్కినవాళ్ళలో కూడా ఆ పాత రాళ్ళ మీద భక్తి ఉన్నవాళ్ళు ఉండొచ్చు. కానీ మనిషి వేసింది కాదు అని చెప్పి, దాన్ని చూపించి రేకు అమ్మితే మాత్రం అది బేరమే.

డగ్, డేవ్ చెప్పేశాక ఆగిపోయిందా అంటే లేదు. కుర్రాళ్ళు అందుకున్నారు, బొమ్మలు ఇంకా పెద్దవయ్యాయి. 1996 జులైలో సరిగ్గా స్టోన్‌హెంజ్ ఎదురుగా, రోడ్డు అవతల, 151 గుండ్రాలతో సుడి తిరిగిన బొమ్మ పడింది. 2001లో మిల్క్ హిల్ మీద 409 గుండ్రాలది. ఈ సుడి బొమ్మలు కంప్యూటరు లెక్కల పుస్తకాల్లో అప్పటికే అచ్చైనవాటి పోలికలే.

ఇంతకీ పొలం ఎవరిది? ఈ పుస్తకాల్లో, వీడియోల్లో ఆ మాటే రాదు. చూడ్డానికొచ్చిన జనం చక్రం కంటే ఎక్కువ చేను తొక్కుతారు. పడుకున్న పైరు కోత మిషనుకి అందదు. 2000లో ఒకతన్ని ఇలా చేను పాడు చేసినందుకు కోర్టుకి లాగితే పడిన జరిమానా 100 పౌండ్లు. కొంతమంది రైతులు బొమ్మ పడ్డ తెల్లారే ఆ ముక్క కోసిపారేస్తారు, జనం రాకుండా. స్టోన్‌హెంజ్ ఎదురు రైతు మాత్రం గేటు దగ్గర డబ్బులు వసూలు పెట్టాడు. నాలుగు వారాల్లో 30,000 పౌండ్లు వచ్చాయంటారు, పాడైన గోధుమ ఖరీదు 150 పౌండ్లు ఉంటే ఎక్కువ. ఇది విని మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మనూళ్ళో రోడ్డు పక్క మడి ఎవడిదిరా" అన్నాడు. నవ్వులాటకే లెండి.

రేకులు పాతలేదు. దేవుడి గూట్లో పెట్టాడు, అత్తయ్య రోజూ కుంకుమ పెడుతోంది. ఆ అమ్మినతని నెంబరు పలకడం లేదు.

లేచి వచ్చేముందు ఇంకోటి చెప్పాను, మీకూ చెప్పి ఆపేస్తా. ఈ చక్రాలు చాలా పాతవి అనేవాళ్ళు సాక్ష్యంగా 1678 నాటి ఒక చిన్న ఇంగ్లీషు కరపత్రం చూపిస్తారు. హెర్ట్‌ఫర్డ్‌షైర్ కబురు. మీద బొమ్మలో దెయ్యం కొడవలి పట్టుకుని చేను గుండ్రంగా కోస్తూ ఉంటుంది. కోస్తూ ఉంటుంది, పడుకోబెట్టడం కాదు, అది గమనించండి. లోపల కథ ఏమిటంటే, ఉన్న రైతు ఒకడు పేద కూలివాణ్ణి ఒకటిన్నర ఎకరం ఓట్లు కోయమని బేరమాడాడు. కూలి ఎక్కువ అడిగాడని కోపమొచ్చి, నీకిచ్చే కంటే దెయ్యం చేత కోయించుకుంటా అన్నాడు. ఆ రాత్రి చేను మంటల్లా కనిపించింది. తెల్లారి చూస్తే మనిషి కోయలేనంత శుభ్రంగా కోసి ఉంది. ఆ పంట పొలంలోనే పడి ఉందని, ఇంటికి తెచ్చుకునే ధైర్యం ఆసామికి లేదని కరపత్రం.

"కూలి ఇచ్చి ఉంటే పోయేది" అన్నాడు మామయ్య.