అంతరించే జాతుల రక్షణకు అంతర్జాతీయ నిబంధనలు: రూపకల్పన చరిత్ర

అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జంతు, వృక్ష జాతుల కోసం దేశాలు పరస్పర అంగీకారంతో ఏర్పరచుకున్న నిబంధనల్లో ప్రధానమైనది, 1973 మార్చి 3న వాషింగ్టన్ నగరంలో సంతకాలు జరిగి, సైటిస్ అన్న సంక్షిప్త నామంతో ప్రసిద్ధమైన ఒడంబడిక. వన్యజాతులూ, వాటి నుంచి వచ్చే చర్మం, దంతం, కలప వంటి సరుకులూ దేశాల సరిహద్దులు దాటే వర్తకాన్ని ఇది అనుమతి పత్రాల ద్వారా నియంత్రిస్తుంది. దీనికి ముందు సుమారు డెబ్బై ఏళ్ల ప్రయత్నాలు సాగాయి. ఏ జాతిని కాపాడాలో ఎవరు నిర్ణయించాలి, ఏ ప్రమాణంతో నిర్ణయించాలి అన్న ప్రశ్న వాటన్నింటిలోనూ ప్రధానంగా నిలిచింది.

ఆ ప్రశ్నకు తొలి సమాధానం చెప్పినవి ఆఫ్రికాను పంచుకున్న ఐరోపా రాజ్యాలు. ఏనుగు దంతం కోసం, వినోదం కోసం సాగిన వేట వల్ల తమ వలసల్లో జంతువులు తరిగిపోతున్నాయని గుర్తించిన బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, పోర్చుగల్ మొదలైనవి 1900 మే నెలలో లండన్‌లో సమావేశమై, ఆఫ్రికాలోని వన్యమృగాలు, పక్షులు, చేపల సంరక్షణకు ఒక ఒప్పందం రాసుకున్నాయి. జిరాఫీ, గొరిల్లా, చింపాంజీ వంటివాటిని అరుదైనవని, రాబందులు, గుడ్లగూబలను ఉపయోగకరమైనవని రక్షిత జాబితాలో చేర్చారు. 5 కిలోలకు తక్కువ బరువున్న దంతాలను జప్తు చేయాలన్నారు. అయితే అదే పత్రంలోని మరో జాబితా సింహం, చిరుతపులి, మొసలి, విషసర్పం, కొండచిలువ వంటివాటి సంఖ్యను తగ్గించాలని కోరింది, మొసళ్ల గుడ్లను నాశనం చేయమని కూడా చెప్పింది. మనిషికి మేలు చేసేదానికే రక్షణ అన్న ఆనాటి దృష్టికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం దొరకదు. తరతరాలుగా ఆ జంతువుల మధ్య బతికిన ఆఫ్రికా ప్రజలను ఈ రచనలో భాగస్వాములను చేయకపోవడం అంతకంటే పెద్ద లోపం. తగినన్ని దేశాలు ధ్రువీకరించనందువల్ల, అనగా సంతకం చేసిన తరువాత తమ ప్రభుత్వాల తుది ఆమోదం తెలపనందువల్ల, ఆ ఒప్పందం అమలులోకే రాలేదు.

1933లో లండన్‌లోనే కుదిరి 1936లో అమలైన రెండవ ఒప్పందం జాతీయ ఉద్యానాల ఏర్పాటుకు ప్రాధాన్యమిచ్చి, వేటకు గుర్తుగా దాచుకునే జంతు భాగాల ఎగుమతిపైనా ఆంక్షలు విధించింది. 1946 నాటి ఒప్పందం ఒక్క తిమింగలాల వేటకే పరిమితం. జాతి ఏదైనా, ఖండం ఏదైనా వర్తించే నిబంధన మాత్రం ఇంకా లేదు.

ఆ లోటును పూరించే పనిని 1948లో ఏర్పడిన అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి తలకెత్తుకుంది. ఒక దేశం తన చట్టంతో ఎగుమతిని నిషేధించినా, దొంగచాటుగా దాటి వచ్చిన సరుకును కొనే దేశం అడ్డుచెప్పనంత కాలం ఆ నిషేధం వ్యర్థమన్నది ఈ ఆలోచనకు మూలం. 1963లో నైరోబీలో జరిగిన సర్వసభ్య సమావేశం అరుదైన జాతుల ఎగుమతి, రవాణా, దిగుమతులపై అంతర్జాతీయ ఒడంబడిక కావాలని తీర్మానించింది. 1964లో తొలి ముసాయిదా తయారైంది. ప్రభుత్వాల అభిప్రాయాలు సేకరిస్తూ దానిని పలుమార్లు తిరగరాశారు. ఈ నిదానపు పనికి వేగం తెచ్చినది అమెరికా 1969లో చేసిన చట్టం. ప్రపంచవ్యాప్తంగా అంతరించిపోతున్న జాతుల దిగుమతిని అది నిషేధించింది. ఒక్క దేశమే తలుపు మూస్తే వర్తకం మరో దేశానికి మళ్లుతుంది కనుక అంతర్జాతీయ సమావేశం జరపాలని కూడా ఆదేశించింది. 1972లో స్టాక్‌హోమ్ పర్యావరణ సదస్సు సైతం ఇదే కోరింది. ఆ మరుసటి ఏడు వాషింగ్టన్‌లో 80 దేశాల ప్రతినిధులు మూడు వారాల పాటు చర్చించి తుది పాఠాన్ని ఖరారు చేశారు. పది దేశాలు ధ్రువీకరించాక 1975 జూలై 1న అది అమలులోకి వచ్చింది.

ఈ పాఠంలో జాతులకు మూడు అనుబంధాలున్నాయి. అంతరించే స్థితిలో ఉన్నవి మొదటిదానిలో చేరుతాయి. అడవి నుంచి తెచ్చిన వాటిని వాణిజ్యం కోసం సరిహద్దు దాటించడానికి వీల్లేదు. వర్తకాన్ని అదుపులో పెట్టకపోతే ఆ స్థితికి చేరగలవి, చూపుకు వాటిని పోలి ఉండి తనిఖీ అధికారులను తికమకపెట్టేవి రెండవదానిలో ఉంటాయి. ఏదైనా దేశం తన జాతి రక్షణకు ఇతరుల సహకారం కోరితే అది మూడవదానిలో చేరుతుంది. మొదటి రెండు అనుబంధాల్లోని జాతి ఎగుమతికి అనుమతి ఇచ్చే ముందు, ఆ ఎగుమతి వల్ల జాతి మనుగడకు హాని లేదని శాస్త్ర నిపుణుల సంస్థ తేల్చిచెప్పాలి. మొత్తం కట్టడానికి ఈ నియమమే పునాది. మరోవైపు, ఒక జాతి విషయంలో తాము కట్టుబడబోమని దేశాలు మినహాయింపు ప్రకటించుకునే వీలు కూడా ఉంది. అది లేకుంటే పలు దేశాలు సంతకమే చేసేవి కావేమో గాని, నిబంధనకు అది బలహీనతే.

ఏ అనుబంధంలో చేర్చాలన్న ప్రమాణాలను 1976లో బెర్న్‌లో స్థూలంగా నిర్ణయించారు. 1994లో ఫోర్ట్ లాడర్‌డేల్‌లో వాటి స్థానంలో జనాభా పరిమాణం, తగ్గుదల, విస్తృతి ఆధారంగా కొత్త ప్రమాణాలు వచ్చాయి. సందేహం ఉన్నప్పుడు జాతికి మేలు చేసే నిర్ణయమే తీసుకోవాలన్న ముందుజాగ్రత్త సూత్రం కూడా చేరింది. ఈ మార్పుకు ఏనుగు వివాదం ఒక కారణం. ఆఫ్రికా ఏనుగును 1989లో మొదటి అనుబంధంలోకి మార్చినప్పుడు, తమ ఏనుగుల సంఖ్య బాగానే ఉందన్న ఆఫ్రికా ఖండపు దక్షిణ ప్రాంత దేశాలు తీవ్రంగా వ్యతిరేకించాయి. 1997లో బోట్స్వానా, నమీబియా, జింబాబ్వేల ఏనుగులను రెండవదానికి మార్చారు.

భారతదేశం 1976లో ఒడంబడికను ధ్రువీకరించి, 1981లో సభ్యదేశాల మూడవ సమావేశానికి న్యూఢిల్లీలో ఆతిథ్యమిచ్చింది. తెలుగు నేలకు దీనితో సూటిగా ఉన్న సంబంధం ఎర్రచందనం. ప్రధానంగా శేషాచలం, వెలిగొండ ప్రాంతపు పొడి అడవుల్లో సహజంగా పెరిగే ఈ చెట్టు 1995 నుంచి రెండవ అనుబంధంలో ఉంది. అడవిలో కొట్టిన దుంగల ఎగుమతిని భారత్ నిషేధించినా, చైనాలో ఖరీదైన గృహోపకరణాలకూ జపాన్‌లో వాద్యాలకూ ఉన్న గిరాకీ వల్ల దొంగరవాణా ఆగలేదు. పట్టుబడేవారు ఎక్కువగా చెట్లు నరికే నిరుపేద కూలీలు. దుంగలు చేరిన చోట కొనుగోలుదారుపై చర్య లేకపోతే నిబంధన సగమే అమలైనట్లు. ఒడంబడికను అమలుపరిచే ప్రత్యేక అధ్యాయం భారత వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 2022 సవరణతో గాని చేరలేదు.

ఈ ఒడంబడిక పరిధి కూడా పరిమితమే. అది వర్తకాన్ని అడ్డగలదు, ఆవాసాన్ని కాపాడలేదు. నంద్యాల జిల్లా రోళ్లపాడు అభయారణ్యానికి పేరు తెచ్చిన బట్టమేక పక్షి మొదటి అనుబంధంలోనే ఉన్నా, పచ్చికబయళ్లు పొలాలుగా మారడం, విద్యుత్ తీగలను ఢీకొని చనిపోవడం వంటి కారణాలతో కనుమరుగవుతూ వచ్చింది. వలస జాతుల కోసం 1979లో బాన్‌లో కుదిరిన మరో ఒడంబడిక తన మొదటి అనుబంధంలో ఈ పక్షిని 2020 ఫిబ్రవరిలో, గాంధీనగర్ సమావేశంలో చేర్చింది.