పంతులమ్మ చీర

కొత్తగా బడిలో చేరే అమ్మాయికి మొదటి బెంగ పాఠం కాదు, చీర! జీతం నెల తిరిగితేగాని రాదాయె. పిల్లలేమో మొదటిరోజే ఎగాదిగా చూసేస్తారు.

మా పిన్ని దర్శిలో పంతులమ్మగా చేరింది 1969లో. అప్పట్లో దర్శి నెల్లూరు జిల్లా, చీరాల గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి రెండూ ఒక గూటికి చేరాయి. (2022లో చీరాల మళ్ళీ బాపట్ల జిల్లాకి వెళ్ళిపోయిందనుకోండి.) జిల్లా ఏదైతేనేం, పిన్ని కట్టింది చీరాల నేతచీరలే. మూడంటే మూడు. సుద్దపొడి కనబడకుండా అన్నీ లేతరంగులే. జాకెట్లు రెండు: తెల్లదొకటి, నల్లదొకటి. ఏ చీరకైనా సరిపోవాలిగా! ఆదివారం వస్తే గంజి, నీలిమందు, నిప్పులు పోసిన ఇత్తడి చెంబుతో ఇస్త్రీ.

"పట్టుచీర కట్టుకెళితే పిల్లలు చీరను చూస్తారే, నల్లబల్లను చూడరు" అనేదిట అమ్మమ్మ.

1976లో కేంద్రప్రభుత్వం జనతా వస్త్రాల పథకం పెట్టింది. నేతగాళ్ళకి పని, పేదలకి చౌకగా బట్ట. పిన్నీ ఒక జనతాచీర కొనుక్కుంది. కట్టుకుని బడికి వెళితే ఎదురుగా ఆయా, అచ్చంగా అదే చీరలో! టీచర్లంతా నవ్వారుట. పిన్నికి తల కొట్టేసినట్టయింది. ఆయా మొహం చూస్తే మాత్రం, ఆవిడే ఎక్కువ ముడుచుకుపోయింది.

మర్నాటి వారం పిన్ని మళ్ళీ అదే చీర కట్టుకెళ్ళింది.