పాత పాటల జల్లెడ

మా ఈపూరులో సాయంత్రంవేళ టీకొట్టు రేడియోలో పాత పాటలు వస్తుంటే, “పాటలంటే ఆ రోజుల్లోవే!” అని పెద్దలు తలలూపుతారు. నేనూ ఊపుతాను. కాని చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి గనుక ఒక ప్రశ్న నన్ను వదలదు. ఆ రోజుల్లో ఇవేనా పాటలు? ఇవి ప్రజలు దాచుకున్నవా, లేక ఎవరో ఏరి మనకు మిగిల్చినవా?

ఈ ఏరివేతకు చరిత్ర వుంది. మొదటి జల్లెడ గ్రామఫోనుది. నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులో ఒక ముఖాన పట్టేది సుమారు మూడు నిమిషాల పాట. తెల్లవార్లూ సాగే బుర్రకథ అందులో ఎలా ఇముడుతుంది? రికార్డు కొనలేని కూలీల పాటను ఎవరు ముద్రిస్తారు?

రెండవది ప్రభుత్వపు జల్లెడ. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948లో ప్రారంభమైంది. 1952లో ప్రసారశాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్, సినిమా పాట సంస్కారాన్ని చెరుస్తుందని తలచి దానికి కోత పెట్టాడు. శ్రోతలు రేడియో సిలోను వైపు తిరిగారు. చివరికి 1957 అక్టోబరు 3న వివిధభారతిని ప్రారంభించక తప్పలేదు. ఆ కోత కాలంలో లలిత సంగీతానికి ఆదరణ పెరిగిన మాట నిజమే. కాని జల్లెడ అధికారం చేతిలోనే వుండిపోయింది. 1976లో, అత్యవసర పరిస్థితిలో, ప్రభుత్వ ప్రచారానికి సహకరించని కిశోర్ కుమార్ పాటలను ఆకాశవాణి నిలిపివేసింది.

మూడవది వ్యాపారపు జల్లెడ. అమెరికా వాణిజ్య రేడియోలో పెరిగిన పద్ధతి ఇది. పాటలోని కొన్ని క్షణాల ముక్కను శ్రోతలకు వినిపించి మార్కులు వేయిస్తారు. తెలియని పాట రాగానే శ్రోత స్టేషను మారుస్తాడనీ, అతనితో ప్రకటనల ఆదాయమూ పోతుందనీ భయం. కాబట్టి వేల పాటల్లో కొన్ని వందలే మిగిలి, అవే తిరిగి తిరిగి వస్తాయి. తెలిసిందే వినిపిస్తారు, వినిపించిందే తెలుస్తుంది. మంత్రిగారి కోతను జనం గుర్తుపట్టి మీట తిప్పారు. ఈ కోత మన అభిరుచి పేరుతోనే జరుగుతుంది గనుక గుర్తుపట్టడమే కష్టం.

షేక్ నాజర్ ‘పల్నాటి యుద్ధం’ బుర్రకథ చెప్పిన నేల మనది. పాత పాటల గంటలో ఆ గొంతు నేనెన్నడూ వినలేదు. మిరపచేలో మన అమ్మమ్మలు పాడుకున్న పాటలు అసలే వినలేదు.

విద్యార్థులకు నా మనవి ఒకటే. రేడియో జాబితాను ఆనాటి ప్రజల హృదయమని పొరబడవద్దు. ఈ సెలవుల్లో మీ వూళ్ళలో ముసలివాళ్ళ దగ్గర కూర్చోండి. వాళ్ళ పాటలు సెల్‌ఫోనులోకి ఎక్కించండి. ఎవరు, ఏ పనిలో, ఏ కాలంలో పాడేవారో రాసి పెట్టండి. వాళ్ళు వున్నప్పుడే ఆ పని జరగాలి.